సుజి వంతు నాలుగు కేజీలు

ఫిబ్రవరి 23, 2009, సోమవారం

సుజి ఇంట్లో ఉంటే ఈ డైరీ అవసరం ఉండేది కాదు. పగలంతా బెల్లం యార్డులో ఎవరిని ఏమన్నానో, ఎవరి మొహం ఎలా మాడిందో సాయంత్రం వచ్చి ఆమెకు చెప్పేవాణ్ణి. చేటలో బియ్యం ఏరుతూ వినేది. నవ్వు రాకుండా కింది పెదవి పంటితో పట్టుకునేది. ఆ పెదవి కోసమే నా వెధవ పనుల్లో సగం చేశాను. ఆమె వెళ్ళి ఎనిమిది నెలలవుతోంది. గోడకు చెప్పుకుంటే పిచ్చివాడంటారు. ఎరువుల కంపెనీ వాళ్ళు మా సావుకారుకు ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగున ఒక ఎరువు పేరుంది. దీనికి చెప్పుకుంటే ఎవరికీ తెలియదు.

ఈరోజు నోటీసు వచ్చింది. వీఆర్వో వీధి అరుగు మీద కూర్చుని నా చేత సంతకం పెట్టించుకున్నాడు. "జాన్ బాబు అను మీరు ఆదాయపు పన్ను చెల్లించువారు గనుక తెల్ల రేషన్ కార్డుకు అనర్హులు. మార్చి పదో తేదీలోగా సంజాయిషీ ఇవ్వనిచో కార్డు రద్దు." పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి నేను. నన్ను ఇన్ని పెద్ద మాటలతో ఎవరూ పిలవలేదు.

"ఏటిది బాబూ? బెల్లం కాటా దగ్గర రాతకోతల గుమస్తాని. నాకు పన్నేటి?" అన్నాను.

వీఆర్వో నా తలుపు వైపు వేలు చూపించాడు. "సర్వేకి వచ్చినోళ్ళకి నువ్వే సెప్పేవు. పైగా బోర్డొకటి."

బోర్డు నిజమే. మూడేళ్ళ కిందట మా సావుకారు సన్యాసిరావు తన వ్యాపారంలో సగం నా పేరు మీద పెట్టాడు. జాన్ బాబు ట్రేడర్స్. సంతకాలు నావి, డబ్బు ఆయనది. ఒకే పేరు మీద అంతా చూపిస్తే పన్ను పెద్ద రేటులో పడుతుందట. రెండుగా చీలిస్తే చిన్న రేటు. దాన్నీ పూర్తిగా చూపించరు. మర్యాదకు కొంచెం చూపిస్తారు. నా పేరు మీద పాన్ కార్డు వచ్చిన రోజున రంగుల పెయింటరు చేత రేకు మీద రాయించి తలుపుకు కొట్టాను. "జాన్ బాబు, ఆదాయపు పన్ను చెల్లించువారు." వీధంతా నవ్వింది. జనవరిలో దొంగ కార్డులు ఏరడానికి సర్వే కుర్రాళ్ళు వస్తే, కుర్చీ వేసి కూర్చోబెట్టి, "మీ జీతాలు నా పన్నులోంచే బాబూ" అన్నాను. వాళ్ళు రాసుకుపోయారు.

సుజి ఆ సంతకాలు పెట్టొద్దంది. పెట్టాను.

ఫిబ్రవరి 24

నాకేం బాధ లేదు. రెండు రూపాయల బియ్యం లేకపోతే చచ్చిపోతానా.

ఫిబ్రవరి 26, గురువారం

షైనీ వచ్చింది. సుజి చెల్లెలు. ఏటికొప్పాకలో లక్కబొమ్మల పనివాళ్ళ ఇంటి కోడలు. సుజి ఉంటున్నది వాళ్ళ దగ్గరే. షైనీ చేతివేళ్ళ సందుల్లో ఎప్పుడూ పసుపో, ఎరుపో లక్క అంటుకుని ఉంటుంది.

కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"అక్క గుండెలో వాల్వు పాడైందని మొన్నే సెప్పేరు కదా బావా. ఇంక ఆగకూడదంట. వచ్చే నెల, మహా అయితే ఆ పై నెల. తెల్లకార్డుంటే వైజాగులో ఆపరేషను గవర్నమెంటోళ్ళే సేయిత్తారంట. లేపోతే మనకున్నదంతా అమ్మినా సాలదు."

"కార్డుంది కదా" అన్నాను. నోటీసు బల్ల మీదే ఉంది. ఆమె చదివింది. షైనీ నాకంటే ఎక్కువ చదువుకుంది.

మడిచి మళ్ళీ బల్ల మీదే పెట్టింది. తర్వాత, "పదో తారీకులోపు అక్క పేరు నీ కార్డులోంచి తీయించీ. తొలగించినట్టు కాయితం ఇత్తారు. అది పట్టుకెళ్తే మా కార్డులో ఎక్కించుకుంటాం. నీ కార్డు రద్దయ్యేక అయితే, రద్దయిన దాంట్లో ఉన్న పేరు కంప్యూటరు తీసుకోదంట. మా డీలరు సెప్పేడు."

"ఇది సుజి అడగమందా?"

"అక్క ఏటీ అడగలేదు. నేనే అడుగుతన్నాను."

మంచినీళ్ళ కోసం లోపలికెళ్ళింది. వంటింట్లో డ్రమ్ము మూత తీసిన చప్పుడు వినిపించింది. బయటికొచ్చి నా వైపు వింతగా చూసింది. "ఇవన్నీ ఏటి బావా?"

"బియ్యం."

"ఎవరికి?"

"రేటు పెరుగుతాదేమోనని దాసేను" అన్నాను.

ఫిబ్రవరి 27

పేరు తీయించను. సంజాయిషీ రాస్తాను. కార్డు నిలబెడతాను. అందులోనే సుజికి ఆపరేషన్ చేయిస్తాను. ఆమె పేరు నా కింద ఉండగానే.

మార్చి 2, సోమవారం

రేషన్ డిపోకు వెళ్ళాను. డీలరు పైడిరాజు కార్డు తిప్పి చూసి, "ఈ నెలకి ఇత్తన్నాను. పై నెల నీ కథ నాకు తెలవదు" అన్నాడు. మనిషికి నాలుగు కేజీలు. నావి నాలుగు, సుజివి నాలుగు. ఎప్పటిలాగే రెండు సంచులు పట్టాను. ఒకే సంచిలో పొయ్యనివ్వను. పైడిరాజుకు అలవాటైపోయింది, అడగడం మానేశాడు.

నా సంచి వంటకు. ఆమె సంచి డ్రమ్ములోకి. జూలై నుంచి ఒక్క నెల తప్పలేదు. ఆమె వాటా తీసుకోకుండా వదిలేస్తే ఆమె ఈ ఇంట్లో లేదని నేనే ఒప్పుకున్నట్టు.

కార్డు మీద ఇద్దరి ఫొటో ఉంది. స్కూల్లో బెంచీ మీద కూర్చోబెట్టి తీశారు. "నవ్వకండి" అన్నాడు ఫొటో కుర్రాడు. సరిగ్గా అప్పుడే ఆమె చెవిలో, "వీడు తీసేది మన మొహాలు కాదు, గవర్నమెంటు పెట్టబోయే అప్పు" అన్నాను. సుజి కింది పెదవి పంటి కింద ఉంది ఆ ఫొటోలో. మేమిద్దరం కలిసి దిగిన ఫొటో మరొకటి లేదు. పెళ్ళి ఫొటోలు తుపాను నీళ్ళలో పోయాయి.

సాయంత్రం కార్డు జిరాక్సు తీయించాను. జిరాక్సులో ఆమె మొహం నల్లగా పడింది.

మార్చి 3, మంగళవారం

సన్యాసిరావుతో మాట్లాడాను. పేరు సన్యాసి, చేతికి నాలుగు ఉంగరాలు. ఆరో తరగతిలో ఒకే బెంచీ మాది. యార్డులో సావుకారు అంటాను. ఇద్దరమే ఉంటే బావ.

వేలం అయిపోయింది. బెల్లం దిమ్మలు లారీకి ఎక్కుతున్నాయి. గద్దె మీద ఆయనా, మరో ఇద్దరు వర్తకులూ కూర్చుని రోజూ పాడే పాట పాడుతున్నారు.

"దిమ్మలు మొయ్యడానికి కలాసీలు దొరకట్లేదు. ఎందుకు దొరుకుతారు? రెండ్రూపాయలకి బియ్యం, పింఛను, ఆపరేషను, అన్నీ ఊరికే. మన పన్నులన్నీ తీసుకెళ్ళి ఈళ్ళ కంచాల్లో పోత్తన్నారు. సంపాదించినోడి మీద రేటు పెంచడం, పడుకున్నోడికి పెట్టడం. ఇదేం లెక్కరా?" అన్నాడు సన్యాసిరావు.

ఇంకో రోజైతే ఊరుకునేవాణ్ణి. "ఏ పన్ను సావుకారూ?" అన్నాను.

"ఏటి?"

"మీరు కట్టే పన్ను గురించి అడుగుతన్నాను. ఆ కాయితం మీద నా పేరుంది కదా. పన్ను కట్టేవోణ్ణి నేను. తమరింట్లో తెల్లకార్డు మీ అమ్మగారి పేరున ఉంది. ఆ బియ్యం మీ గేదె తింటాది. ఈ యార్డులో గవర్నమెంటు సొమ్ము తినేది మీ గేదె, పన్ను కట్టేది నేను. మీరూ గేదే ఇద్దరూ పడుకోండి."

ఆ ఇద్దరు వర్తకులూ నవ్వారు. సన్యాసిరావు నవ్వలేదు. వాళ్ళు వెళ్ళాక తలుపు దగ్గరికి వేశాడు.

"ఏటి జానూ, అందరి ముందూ?"

నోటీసు చూపించాను. సుజి సంగతి చెప్పాను. "ఒక్క కాయితం రాసియ్యి బావా. ఆ వ్యాపారం నాది కాదని. కార్డు నిలబడతాది."

"ఆ కాయితం రాత్తే నా మెడకి నేనే ఉరేసుకున్నట్టు. మూడేళ్ళది తవ్వుతారు." ఆ తర్వాత మంచిగానే అన్నాడు. "మీ మరదలు సెప్పినట్టు సెయ్యి. సుజి పేరు తీయించీ. వాళ్ళ కార్డులో ఎక్కుతాది, ఆపరేషను అయిపోతాది. నీకేటి నష్టం? బియ్యమంటావా, నెలకో బస్తా సన్నబియ్యం నేను పంపుతాను."

నీకేటి నష్టం అన్నాడు. ఎలా చెప్పడం ఆయనకు. ఆరో తరగతిలో పక్కన కూర్చున్నవాడికి కూడా చెప్పలేని నష్టాలుంటాయి.

మార్చి 4

ఏమీ లేదు.

మార్చి 5, గురువారం

ఏటికొప్పాక వెళ్ళాను. అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగి, ఆటో ఎక్కి, మళ్ళీ దిగిపోయి నడిచాను. తొందరగా చేరిపోతానేమోనని భయమేసింది.

సుజి వరండాలో కూర్చుని బొమ్మలకు మెరుపు పెడుతోంది. మొగలాకుతో రుద్దితే లక్క మీద మెరుపు వస్తుంది. చిన్న చిన్న కుంకుమ భరిణెలు ఒక పక్క, పిల్లల బొంగరాలు ఒక పక్క. పది రుద్దుతుంది, ఆగి ఊపిరి తీసుకుంటుంది, మళ్ళీ పది. చిక్కిపోయింది. నా వైపు చూసి, మళ్ళీ పనిలో పడింది.

వెళ్తూ వెళ్తూ మూడు జోకులు తయారు చేసుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు.

"ఎలగున్నావు?"

"సూత్తన్నావు కదా."

"నేను కార్డు నిలబెడతాను సుజీ. సంజాయిషీ రాసేను. ఎంక్వైరీ సేసి తేలుత్తారంట."

"ఎప్పటికి?"

నాకు తెలుసు. ఎమ్మార్వో ఆఫీసు క్లర్కును అడిగాను. నాలుగు నెలలు, ఆరు నెలలు. "తొందర్లోనే" అన్నాను.

భరిణె మూత పెట్టి చూసింది. సరిగ్గా కూర్చుందో లేదో తిప్పింది. అప్పుడంది, నా వైపు చూడకుండా. "పడిపోయినందుకు నాకేటీ కోపం లేదు. జబ్బు సిన్నప్పట్నించీ ఉన్నాదన్నారు డాక్టర్లు. ఆ సప్పట్లే. పడుకుంటే ఇప్పటికీ ఇనిపిత్తన్నాయి."

లేచి వచ్చేశాను. ఒక బొంగరం జేబులో ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు.

మార్చి 6, శుక్రవారం

ఆ రోజు సంగతి రాయకూడదనుకున్నాను. ఇది చదివేది నేనే కనుక రాస్తాను.

పోయిన జూన్‌లో. యార్డు కలాసీ అప్పలరాజుకూ, బోర్డు రాసిన పెయింటరుకూ నాటకాలవాళ్ళ దగ్గర రెండు సఫారీ సూట్లు అద్దెకు తెచ్చాను. చేతిలో సూట్‌కేసు పెట్టాను. "ఇన్‌కంటాక్స్ రైడు అనండి. అటక మీద సూడండి, మంచాల కింద సూడండి. ఆవిడ భయపడ్డాక నేనొత్తాను" అన్నాను. గోడ అవతల దాక్కున్నాను. సుజి పెదవి పట్టుకోవడం చూడాలని.

వాళ్ళు బాగా చేశారు. అప్పలరాజు గొంతు మార్చి, "నల్లధనం ఎక్కడమ్మా" అన్నాడు. సుజి వంటింట్లోకి వెళ్ళి, బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక గుడ్డసంచి తీసింది. కుట్టుపని డబ్బు. వాళ్ళ అమ్మ కమ్మలు. అవి వాళ్ళ చేతిలో పెట్టి, "ఇంతే ఉన్నాయండి. మా ఆయన మంచోడండి. ఎదటోళ్ళ కోసం సంతకాలు పెట్టేడండి. ఆయన్ని తీసికెల్లకండి" అంది.

అని, పడిపోయింది.

ఆమెకు నా సంగతి తెలిసిపోయిందనిపించింది. నా ఆట కనిపెట్టి, నాకంటే పెద్ద ఆట ఆడుతోందనుకున్నాను. ఎంత బాగా పడింది అనుకున్నాను. గోడ మీద నుంచి తల పైకెత్తి చప్పట్లు కొట్టాను. చాలాసేపు కొట్టాను. అప్పలరాజు ఏడుపు మొహంతో నా వైపు తిరిగేదాకా కొట్టాను.

మార్చి 8, ఆదివారం

గుడికి వెళ్ళాను. లెంటు ఉపవాసాల రోజులు కదా, చర్చి నిండుగా ఉంది. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో గోడ పక్కన సుజి చోటు. అక్కడ ఎవరో పసిపిల్లను పడుకోబెట్టారు. పిల్ల నిద్రపోయింది. ప్రార్థనలో ఏమడగాలో తెలియక ఆ పిల్ల లేవకూడదని అడిగాను.

మార్చి 9, సోమవారం

ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్ళాను. పేరు తొలగించే దరఖాస్తు రెండు రూపాయలకు బయట అమ్ముతున్నాడు. బియ్యం కేజీ, సుజిని తీసేసే కాగితం, రెండూ ఒకటే రేటు.

నా జన్మలో ఏ ఫారమూ తిన్నగా నింపలేదు. బడిలో "తండ్రి వృత్తి" దగ్గర "నన్ను కొట్టుట" అని రాసి మళ్ళీ దెబ్బలు తిన్నాను. బ్యాంకు ఫారంలో "వారసులు" దగ్గర "సావుకారు గేదె" అని రాశాను. ఈరోజు అన్నీ తిన్నగా రాశాను. కుటుంబ యజమాని పేరు. తొలగించవలసిన పేరు. వయసు. సంబంధం: భార్య.

"కారణం" అనే గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది.

క్లర్కు కళ్ళద్దాల మీంచి చూశాడు. "మరణం, వివాహం, వేరు కాపురం. ఏదో ఒకటి రాయండి. వెనకాల లైనుంది."

"ఇంకో కారణం రాయొచ్చా?"

"ఆ మూడే ఉన్నాయి."

వేరు కాపురం అని రాశాను. రెండు మాటలు. పెన్ను రాయనంటే ఒకసారి విదిలించి రాశాను.

ఆయన కార్డు తీసుకుని, స్కేలు పెట్టి, సుజి పేరు మీద ఎర్ర ఇంకుతో గీత గీశాడు. స్కేలు పెట్టడం ఎందుకో. చేత్తో గీసినా సరిపోయేది.

"ఫొటో ఇత్తారా?" అని అడిగాను.

"కార్డు రేపు రద్దవుతుంది కదండీ. మొత్తం మేమే ఉంచేసుకుంటాం. గవర్నమెంటు ఆస్తి."

తొలగింపు కాగితం షైనీ చేతికిచ్చాను. ఆమె గేటు బయటే నిలబడి ఉంది. చదివి మడిచి జాకెట్టులో పెట్టుకుంది. "నువ్విలా సేత్తావనుకోలేదు బావా" అంది. ఏ అర్థంలో అందో అడగలేదు.

మార్చి 10

సంజాయిషీ ఇవ్వలేదు. కార్డు పోయింది. కాగితం ప్రకారం ఇప్పుడు నేను పెళ్ళాం లేని ధనవంతుణ్ణి.

మార్చి 12, గురువారం

రాత్రంతా పడుకుని ఒకటే ఆలోచన. ధనవంతుణ్ణని అందరూ సంతకం పెట్టారు. వీఆర్వో పెట్టాడు, ఎమ్మార్వో పెట్టాడు, నేను పెట్టాను. ఇంతమంది చెబుతుంటే కాదనడం మర్యాద కాదు. ధనవంతుడు చేసే పని ఒక్కటైనా చెయ్యాలి. అసలు ధనవంతులు ఎగ్గొట్టే పని.

మార్చి 13, శుక్రవారం

బ్యాంకుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. చెక్కు పుస్తకం సన్యాసిరావు సొరుగులో ఉంటుంది. ఆయన ఎదురుగా కూర్చుంటే తప్ప నా చేతికి రాదు. అయితే ఖాతాదారు నేను. "పుస్తకం కనబడట్లేదు, కొత్తది కావాలి" అన్నాను. మేనేజరు లేచి నిలబడి కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. మూడేళ్ళుగా ఈ ఊళ్ళో ఇంత గౌరవం నాకోసం బ్యాంకులో పడుందని తెలియక, బజారులో నా డబ్బుతో టీ తాగాను.

యార్డులో రెండు పుస్తకాలూ రాసేది నేనే. చూపించే పుస్తకం, అసలు పుస్తకం. అసలు పుస్తకం మీద ఏ రేటుకు ఎంత కట్టాలో నిన్న లెక్క వేసుకున్నాను. లెక్కల్లో రెండుసార్లు తప్పినవాణ్ణని మూడుసార్లు సరిచూసుకున్నాను. చలానా మీద రాసి చెక్కు ఇచ్చాను. కౌంటరు అమ్మాయి అంకె చూసి, "మొత్తం అడ్వాన్స్ టాక్సేనా సార్?" అంది.

"మొత్తం" అన్నాను. "ఇంకా గడువు రెండ్రోజులుంది సార్" అంది. "గడువు ముందే కట్టేవోళ్ళు ఉంటారని మీకు తెలియాలి కదమ్మా."

ముద్ర వేసి రసీదు ఇచ్చింది. బయటికొచ్చాక నవ్వొచ్చింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి. ఎవరికైనా చెప్పాలి. కాళ్ళు వాటంతటవే ఇంటివైపు నడిచాయి. తాళం తీశాక గుర్తొచ్చింది, చెప్పడానికి లోపల ఎవరూ లేరని.

మార్చి 14, శనివారం

పొద్దున్నే కబురొచ్చింది. గద్దె మీద సన్యాసిరావు, పక్కన ఆడిటరు. సన్యాసిరావు మొహం పాకం మాడినట్టుంది.

"ఏం పని సేసేవురా జానూ?"

"పన్ను కట్టేను."

"ఎవడి డబ్బురా అది?"

"నాదే కదా బావా. ఖాతా నాది, సంతకం నాది, పాన్ కార్డు నాది. నువ్వే అన్నావు, నీకేటి నష్టం అని."

ఆడిటరు వైపు తిరిగాడు. "ఎనక్కి రప్పించండి."

ఆడిటరు గొంతు సవరించుకున్నాడు. "రిఫండ్ అడగాలంటే ఈయనే సంతకం పెట్టాలండీ. కాదంటే డబ్బు మీదని చెప్పుకోవాలి."

బయట కాటా మీద దిమ్మలు పడుతున్న చప్పుడు.

"ఆ డబ్బు ఏ సోమరిపోతు కంచంలో పడతాదో తెలుసా నీకు?" అన్నాడు సన్యాసిరావు.

"తెలుసు. ఏటికొప్పాకలో ఒకత్తి ఉంది. పది బొమ్మలు రుద్ది, ఊపిరి తీసుకుని, మళ్ళీ పది రుద్దుతాది."

ఆడిటరు మంచివాడే. తప్పు దిద్దబోయాడు. "ఇన్‌కంటాక్సు ఢిల్లీకి వెళ్తుందండీ. ఆపరేషన్ల డబ్బు హైదరాబాదుది. రెండూ వేరు."

"మధ్యలో ఎక్కడో గొట్టాలు కలుత్తాయిలెండి" అన్నాను.

సన్యాసిరావు తల దించుకున్నాడు. తిడతాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను. "సుజికి కావాలంటే నేనే ఇచ్చీవోణ్ణి కదరా" అన్నాడు నెమ్మదిగా.

ఇచ్చేవాడే. అదే నాకు కష్టంగా ఉంది. గేదెకు పెట్టినట్టు పెట్టేవాడు, మంచి మనసుతోనే. ఆమె జీవితాంతం ఆయన గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడేది. నేను మరింత చౌకగా సంతకాలు పెట్టేవాణ్ణి.

ఇదంతా అనలేదు. కాటా తాళంచెవి గద్దె మీద పెట్టాను.

"రేపట్నించి రాకు" అన్నాడు. అప్పటికే గుమ్మం దాటాను. ఆరో తరగతి నుంచి ఇప్పటిదాకా, ఆ గుమ్మంలోంచి వస్తూ వెనక్కి తిరిగి ఒక మాట అనకుండా రావడం ఇదే మొదలు.

మార్చి 19

పని లేదు. ఇంకో సావుకారు ఎవరూ పెట్టుకోరు. "నీ చేతికి పెన్నిత్తే పన్ను కట్టేత్తావు" అంటున్నారు.

అప్పలరాజు జట్టులో కలాసీగా చేరాను. దిమ్మలు మోస్తున్నాను. నడుం నొప్పి. నిద్ర బాగా పడుతోంది. సాయంత్రం నూకలు కొనుక్కుని వండుకుంటున్నాను. డ్రమ్ము జోలికి వెళ్ళలేదు.

మార్చి 24

షైనీ పక్కింటి ఫోనుకు చేసింది. సుజి పేరు వాళ్ళ కార్డులో ఎక్కింది. వైజాగులో చేర్చుకున్నారు. "ఒకటో తారీకు ఆపరేషనంట. ఆ రోజు నువ్వు రావద్దు బావా. అక్క కంగారు పడతాది" అంది.

సరే అన్నాను. నాకేం.

ఏప్రిల్ 1, బుధవారం

ప్రతి ఏడూ ఈ తేదీకి ఊరంతా నన్ను చూసి పక్కకు తప్పుకుంటుంది. ఈ ఏడు ఎవరినీ ఏమీ చేయలేదు. పక్కింటి అరుగు మీద ఫోను దగ్గర కూర్చున్నాను, పొద్దున్నించి.

మూడున్నరకు మోగింది. అయ్యిందట. బాగుందట.

"నిజంగానా?" అని నాలుగుసార్లు అడిగాను. షైనీ విసుక్కుంది. "నీలాగ అనుకున్నావా బావా మమ్మల్ని?"

ఏప్రిల్ 5, ఆదివారం

మట్టల ఆదివారం. గుడికి వెళ్ళకుండా వైజాగు వెళ్ళాను.

ఆడవాళ్ళ వార్డు. చివరి మంచం. దుప్పటి మెడ దాకా ఉంది. మొహంలోకి రంగు వచ్చింది. నన్ను చూసి షైనీ టీ తెస్తానని ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళిపోయింది. నేను మంచం కాళ్ళ వైపు నిలబడ్డాను. తల వైపు వెళ్ళే హక్కు ఉందో లేదో తెలియలేదు. మంచానికి కట్టిన అట్ట మీద కార్డు నంబరు రాసి ఉంది. షైనీ వాళ్ళది.

"సేతులేటి అలగున్నాయి?" అంది. దిమ్మలు మోసి కాయలు కాశాయి. వెనక్కి పెట్టుకున్నాను.

"పన్ను కట్టేవంట" అంది.

"ఎవరు సెప్పేరు?"

"ఏటికొప్పాక దాకా వచ్చింది." ఆగింది. ఊపిరి తీసుకోవడానికి కాదు. ఊరికే ఆగింది. "బ్యాంకులో టీ కూడా ఇచ్చేరంట."

"బిస్కట్టు కూడా."

దుప్పటి అంచు మీద ఆమె వేళ్ళు కదిలాయి. పెదవి వైపు చూశాను. పట్టుకుందో లేదో తెలియలేదు. కిటికీ వెలుతురు వెనక నుంచి వస్తోంది.

నేను ఏమీ అడగలేదు. ఎప్పుడొత్తావు అని అడగలేదు. వస్తావా అనీ అడగలేదు. ఎర్ర ఇంకు గీత గీయించినవాణ్ణి, ఏ మొహంతో అడుగుతాను.

నర్సు వచ్చి టైమైందంది. నేను తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి సుజి గొంతు. గట్టిగా కాదు.

"డ్రమ్ములో నా బియ్యం ఉన్నాయంట కదా. షైనీ సెప్పింది."

"ఉన్నాయి. ముప్పై ఆరు కేజీలు."

"ఎండలో పోసేవా?"

"లేదు."

"జూలై నుంచీ అలాగే ఉంచేత్తే పురుగు పట్టదా? పోసి, జల్లించి, యాపాకు ఎయ్యి."

అంతే అంది. కళ్ళు మూసుకుంది.

ఏప్రిల్ 6, సోమవారం

పనికి వెళ్ళలేదు. పొద్దున్నే వాకిట్లో పాత దుప్పటి పరిచి డ్రమ్ము బోర్లించాను. నిజమే, పురుగు పట్టింది. నల్లటి ముక్కుపురుగులు ఎండ తగలగానే నాలుగు వైపులకూ పాకిపోయాయి. జూలై బియ్యం అడుగున ఉన్నాయి, కొంచెం పసుపుగా. మార్చివి తెల్లగా ఉన్నాయి. కలిపి పరిచాను.

గాలికి దుప్పటి అంచులు లేస్తున్నాయి. మూడు మూలలకు మూడు రాళ్ళు దొరికాయి. నాలుగో మూలకు తలుపు మీది రేకు బోర్డు పీకి, రాతవైపు కిందకు పెట్టి, దాని మీద ఇటుక పెట్టాను. దారిన పోయేవాళ్ళు, "ఏటి దొరగారూ, బియ్యం వ్యాపారమా" అన్నారు. జవాబులు నాలుక మీదే ఉన్నాయి. మింగేశాను.

చేట తెచ్చుకుని కూర్చున్నాను. ఆమె ఎలా చెరిగేదో గుర్తు తెచ్చుకుంటూ చెరిగాను. సగం నేలపాలయ్యాయి. నేల మీది గింజలు ఒక్కొక్కటే ఏరాను.

పదకొండింటికి పిచ్చుకలు వచ్చాయి. ముందు రెండు, తర్వాత ఒక గుంపు. తోలడానికి రెండు చేతులూ పైకెత్తాను. అరచేతులు కలవబోయేంతలో ఆపేశాను.

భుజం మీది తువ్వాలు తీసి ఊపాను. ఎండ వాలేదాకా ఊపుతూనే ఉన్నాను.